నుమాయిష్ రాత్రులు

పెళ్ళయిన ఇరవై యేళ్ళలో రాత్రి పది గంటలు ఎలా ఉంటాయో నేను కళ్ళారా చూసింది ఆ ఒక్క సీజన్లోనే. మా ఆయన రత్నాకర్ రావులపాలెం అరటి మార్కెట్లో వేలం పాడేవారు. తెల్లారకముందే గెలలు దిగుతాయి కాబట్టి మా ఇంట్లో మూడింటికి లేవడం, సాయంత్రం ఏడింటికి భోజనాలు, ఎనిమిదింటికి లైట్లు ఆర్పేయడం. ఊళ్ళో తీర్థం జరుగుతున్నా, నాటకం ఆడుతున్నా మేం దుప్పటి ముసుగులోంచి వినాల్సిందే. కోడికంటే ముందు లేచే మొగుణ్ణి కట్టుకున్నావని మా అక్క సౌభాగ్య నన్ను ఏడిపించేది.

వేలానికి ఒక పద్ధతుంది. పాట మొదలెట్టే ముందు ఆయన మొదటి గెల రకం పేరు గట్టిగా అంటారు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి "వినపడింది" అనాలి. ఆ మాట వచ్చాకే పాట మొదలు. మా అమ్మాయి మనస్విని చిన్నప్పుడు సెలవుల్లో ఆ పని నాదేనని పేచీ పెట్టి మరీ గేటు దగ్గరికి వెళ్ళేది. "వినపడింది నాన్నా" అని అది అరిస్తే మార్కెట్టంతా నవ్వేది. మైకు పెట్టుకోవచ్చు కదండీ అని ఎవరైనా అంటే ఆయనకి నామోషీ.

ఆ గొంతు బొంగురుపోయింది. మేం తప్పు చేసింది ఇక్కడే. వేలం పాడేవాళ్ళలో గొంతు బొంగురుపోతే దాన్ని జబ్బు అనుకోరు, అనుభవం అనుకుంటారు. "ఇప్పుడు పండిందండీ మీ గొంతు" అని కొనేవాళ్ళే మెచ్చుకున్నారు. ఆయన మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, దాచడం ఎందుకు. మిరియాల పాలు తాగిస్తూ, బుగ్గన కరక్కాయ పెట్టిస్తూ ఎనిమిది నెలలు గడిపేశాం. తొమ్మిదో నెలలో కాకినాడ డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి, హైదరాబాద్‌కి కాగితం రాసిచ్చాడు.

అలా డిసెంబరు ఆఖర్లో ఒక తెల్లవారుజామున నాంపల్లి స్టేషన్లో దిగాం. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి, కానీ నసగదు.

"గడ్డ గొంతు పెట్టె మీద ఉన్నది. రేడియేషన్, అదే కరెంటు, ముప్పై మూడు సార్లు పెడతం. కరిగిందా, సరే. కరగకుంటే పెట్టె తియ్యాల్సొస్తది."

పెట్టె తీస్తే మాట ఉండదని మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఫిబ్రవరి ఆఖర్లో మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలండి. ఈలోపు అయిపోతుందాండి?"

అయిపోతుందంది డాక్టరమ్మ. బయటికొచ్చాక మెట్లమీద కూర్చుని, పరీక్షలయ్యేదాకా మనూకి ఈ మాట తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అది రాజమండ్రిలో మా అక్క ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అక్కకి కూడా చెప్పలేదు, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆత్రేయపురం వాళ్ళు ఎవరో నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్లో పూతరేకుల స్టాలు పెడుతున్నారనీ, నెలన్నర సాయంగా ఉండమన్నారనీ అందరికీ అల్లి చెప్పాం. గొంతు సంగతి అడిగితే ఎగ్జిబిషన్లో అరిచి అరిచి పోయిందని చెప్పొచ్చు. అబద్ధమైనా అతికినట్టు ఉండాలంటారు కదా, ఇది అచ్చంగా అతికింది.

"బాగున్నాం అంటే అది నమ్మదు వసూ. బిర్యానీ ప్లేటు చూపిస్తే నమ్ముతుంది," అన్నారాయన. రోజూ రాత్రి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి, నవ్వుతూ ఫొటో దిగి పంపించాలి. అదీ మా ఒప్పందం.

మేం దిగిన లాడ్జి స్టేషన్ రోడ్డు వెనక సందులో ఉంది. దాని మేనేజరు విజయేందర్ వాళ్ళు తాతల కాలంనుంచీ ఇక్కడివాళ్ళే. యాభై దాటిన మనిషి, కౌంటరు మీద మోచేతులు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళ సంచులు చూసి జాతకం చెప్పేస్తాడు. మా చేతిలో ఆసుపత్రి కవరు చూసి, నోట్లో నుమాయిష్ దారెటనే ప్రశ్న విని కాసేపు తికమకపడ్డాడు.

"గీ సీజన్ల మా లాడ్జికి రెండే తీర్ల మంది వస్తరక్కా. దవాఖానకు పొయ్యేటోళ్ళు, నుమాయిష్‌కు పొయ్యేటోళ్ళు. మీరేంది, రెండూ అంటున్నరు?"

సంగతి చెప్పాను. మర్నాటినుంచీ అతను ఇంటినుంచి ఒక స్టీలు క్యానులో రాగి అంబలి తెచ్చి కౌంటరు కింద పెట్టేవాడు. "మా ఇంట్ల ఎట్లయినా కాస్తరు. అన్నను తాగుమనున్రి, ఫికర్ చెయ్యకున్రి," అనేవాడు. ఇంట్లో ఎట్లయినా కాస్తారనేది నిజం కాదని, మాకోసమే కాస్తున్నారని నాకు సంక్రాంతి దాటాక గానీ తెలియలేదు.

నుమాయిష్ తెరిచిన మొదటి రాత్రే వెళ్ళాం. గేటులోంచి లోపలికి అడుగుపెట్టి నేను నిలబడిపోయాను. అన్ని లైట్లు, అంతమంది జనం, కాశ్మీరు శాలువాల వాళ్ళ కేకలు, మిర్చి బజ్జీల నూనె వాసన, పైన తిరుగుతున్న జెయింట్ వీలు. టైము తొమ్మిదిన్నర. మా ఊళ్ళో ఆ టైముకి కుక్కలు కూడా పడుకుంటాయి. ఆయన నా మొహం చూసి నవ్వారు. ఇరవై యేళ్ళనుంచి ఈవిడికి నేను ఇది చూపించలేదే అనుకున్నారేమో, నా చెయ్యి పట్టుకున్నారు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సిగ్గేసింది, విడిపించుకోవాలనిపించలేదు.

పూతరేకుల స్టాలు నిజంగానే ఒకటుంది. అక్కడొక ఫొటో దిగాం. తర్వాత హలీం తెచ్చుకుని ఇద్దరి ముందూ రెండు గిన్నెలు పెట్టి ఇంకొకటి దిగాం. మింగితే నొప్పి అప్పటికే మొదలైంది, కారం అసలు పడదు. ఆయన చెంచా పట్టుకుని నవ్వారు. ఫొటో అయ్యాక గిన్నె నావైపు జరిపారు.

"పారేస్తే పాపం. నువ్వు తినెయ్."

తిన్నాను. ఆ రాత్రినుంచి నా పని అదే అయింది.

పగళ్ళన్నీ ఒకేలా ఉండేవి. పొద్దున ఆసుపత్రి బెంచీ మీద మూడు గంటలు వెయిటింగు. పేరు పిలిస్తే లోపలికెళ్ళి బల్ల మీద పడుకోవాలి, మొహానికి వల తొడుగు వేసి బల్లకి బిగించేస్తారు. పది నిమిషాల్లో బయటికొస్తారు, చెంపల మీద వల అచ్చులతో. లాడ్జికొచ్చి అంబలి రెండు గుక్కలు తాగి గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను కూడా పడుకునేదాన్ని, కానీ ఆ నిద్రలో విశ్రాంతి ఉండేది కాదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆయనే లేచి, చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని తలుపు దగ్గర నిలబడేవారు. ఈ పూట వద్దులెండి, నా కాళ్ళు పీకుతున్నాయి అంటే వినేవారు కాదు. రాజమండ్రిలో ఒకతి ఎదురుచూస్తూ ఉంటుందని చేత్తో సైగ చేసేవారు.

అలా ఆబిడ్స్ అంతా తిరిగాం. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య మనూ కోసం కెమిస్ట్రీ గైడు వెతికాం. ఇరానీ హోటల్లో పాలరాయి బల్ల దగ్గర రెండు చాయిలు, రెండు బన్ మస్కాలు. కోఠి దాకా నడిచి వేడి జిలేబీ. రెండు చాయిలూ నేనే, రెండు బన్నులూ నేనే, జిలేబీ కూడా నేనే. ఆయన ఎదురుగా కూర్చుని, నేను తింటుంటే ప్రతి ముద్దా ఎలా ఉందని కళ్ళతో అడిగేవారు. బాగుందని చెప్పాలి. ఊరికే బాగుందంటే ఒప్పుకోరు, ఉప్పు సరిపోయిందా, మసాలా ఎక్కువైందా, మాంసం ఉడికిందా, అన్నీ చెప్పాలి. నా నోటితో ఆయన తింటున్నారు మరి. కడుపు నిండిపోయి, ఆయాసం వస్తూ, ఏడుపొస్తూ, బిర్యానీ ఎంత బాగుందో వర్ణిస్తూ కూర్చున్న రాత్రులున్నాయి. మళ్ళీ అబద్ధమెందుకు, నిజంగానే బాగున్న రాత్రులు కూడా ఉన్నాయి. బతుకులో ఏనాడూ లేనంత షికారు ఆ కరెంటు పెట్టించుకుంటూ చేశాం.

నెల తిరిగేసరికి నేను నాలుగు కిలోలు పెరిగాను, ఆయన ఏడు కిలోలు తగ్గారు. మెడ కమిలి నల్లబడితే నుమాయిష్‌లో ఒక ఉన్ని మఫ్లరు కొని చుట్టాను. మనూ దగ్గర్నుంచి రోజూ రాత్రి జవాబొచ్చేది. "అమ్మా, నువ్వు గుమ్మడికాయలా అవుతున్నావ్." "నాన్నా, మఫ్లర్‌లో హీరోలా ఉన్నావ్." "నేనిక్కడ పప్పు మెతుకులు తింటుంటే మీకక్కడ బిర్యానీలా, ఉండండి మీ పని చెప్తా." ఆయన అవన్నీ రెండేసి సార్లు చదివించుకుని అప్పుడు పడుకునేవారు. మన దొంగతనం దొరకలేదు చూశావా అన్నట్టు నావైపు చూసేవారు.

ఇరవై ఒకటో కరెంటు నాడు ఆయన మాట పూర్తిగా పోయింది. బలవంతాన తియ్యొద్దు, విశ్రాంతి ఇవ్వమన్నారు. దగ్గరగా చెవి పెడితే గాలి మాత్రం మాటల్లా వచ్చేది. ఆ శనివారమే నుమాయిష్‌లో ఆయన తప్పిపోయారు.

శనివారం జనం గురించి విజయేందర్ ముందే హెచ్చరించాడు. బొమ్మ రైలు దగ్గర ఫొటో తీద్దామని నేను రెండడుగులు వెనక్కి వేశాను. మధ్యలోంచి ఒక పెళ్ళివారంత గుంపు వెళ్ళింది. వాళ్ళు వెళ్ళాక చూస్తే ఆయన లేరు. ఫోను చేద్దామంటే ఆయన ఫోను నా సంచిలోనే ఉంది.

"ఏవండీ," అని అరిచాను. నలుగురు మగాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నలుగురూ వేరేవాళ్ళ మొగుళ్ళు. మళ్ళీ అరిచాను, మళ్ళీ ఎవరో తిరిగారు. అటునుంచి ఒక్క కేక వస్తే చాలు, ఎంత గోలలో అయినా ఆ గొంతు నేను పట్టగలను. ఆ కేక రాదని తెలిసి కూడా చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. అరగంట తిరిగాను. ఇంతవరకూ డాక్టరమ్మ మాటలకి బెంగపడ్డానే గానీ, భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. రేపు ఆ పెట్టె తీసేస్తే ఈ మనిషి ఎక్కడున్నా నన్ను పిలవలేడు.

మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చెప్పే గది ఎక్కడుందో అడుక్కుంటూ వెళ్ళాను. అక్కడ కూర్చున్న పెద్దాయన పిల్లాడి పేరు చెప్పమన్నాడు.

"పిల్లాడు కాదండి. మా ఆయన."

"పేరు?"

మొగుడి పేరు నోటితో అనే అలవాటు నాకు లేదు. రేషను కార్డు దగ్గర కూడా కాగితం చూపించేదాన్ని. ఆ గదిలో నలుగురూ చూస్తుండగా "రత్నాకర్" అన్నాను. సరిగ్గా వినపడలేదమ్మా అన్నాడాయన. గట్టిగా అన్నాను. ఆయన మైకులో చదివాడు: రావులపాలెం రత్నాకర్ గారు ఎక్కడున్నా రావాలె. ఐదేసి నిమిషాలాగి మళ్ళీ చదివాడు. మూడోసారి చదివాక మా ఆయన గుమ్మంలో కనిపించారు. చెమటలు పట్టి, మఫ్లరు జారిపోయి ఉంది.

బయటికొచ్చాక నా చెవి దగ్గర నోరు పెట్టారు.

"బొమ్మ రైలుకి అవతలే ఉన్నాను. నువ్వు నా ముందునుంచి రెండుసార్లు వెళ్ళావు. చేతులూపాను."

జారిన మఫ్లరు ఆయన మెడకి చుట్టాను. ఆయన మళ్ళీ వంగారు.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి కూడా పాడేశాడు. ఎవరూ ముందుకి రాలేదు. ఇంక సరుకు నీదే."

జోకు వేశానని ఆయన అనుకున్నారు. నేను అంతమంది మధ్య చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ రాత్రి కూడా ఫొటో పంపాం. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. "నిద్రపోండి ఇద్దరూ, స్టాలు ఎక్కడికీ పోదు," అని మనూ జవాబిచ్చింది. అంత పొద్దుపోయి అది ఎందుకు మేలుకునుందో నేను ఆలోచించలేదు. పరీక్షల పిల్ల కదా అనుకున్నాను.

ఫిబ్రవరి మధ్యలో నుమాయిష్ అయిపోయింది. స్టాళ్ళ రేకులు విప్పి లారీలకెత్తుతుంటే సందులో రోజంతా ఒకటే చప్పుడు. ఆ తర్వాత రెండు రోజులకి ముప్పై మూడో కరెంటు. డాక్టరమ్మ గొట్టం వేసి చాలాసేపు చూసింది.

"మంచిగ కరిగింది. మూడు నెలలకు మళ్ళ చూస్త గాని, పెట్టె తీసే పని పడదనుకుంటున్న. మాట వస్తది, మెల్లగ. కాని వేలం గీలం మర్చిపోవాలె."

ఆయన తల ఊపారు. నేను దండం పెట్టాను. లాడ్జికి నడిచి వస్తుంటే మాకు సంతోషమో దిగులో తెలియలేదు, ఒళ్ళు అలిసిపోయి ఉంది అంతే. విజయేందర్‌కి చెబితే "గెలిచిన్రు పోన్రి" అని క్యాను కడగడానికి లోపలికి పట్టుకెళ్ళాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

మర్నాడు సాయంత్రం మా రైలు. ఆ ఆఖరి రాత్రి నేను మంచం దిగలేనన్నాను. ఆయన ఎప్పట్లాగే తల దువ్వుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఈసారి సైగ వేరుగా ఉంది. వేలితో తన నోరు చూపించుకున్నారు. చల్లటివి నెమ్మదిగా తినొచ్చని నర్సు చెప్పిన మాట గుర్తొచ్చి నేను చీర సర్దుకున్నాను.

మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు పది దాటినా తిరనాళ్ళలాగే ఉంది. కాలేజీ పిల్లలు, పసివాళ్ళని భుజానేసుకున్న తండ్రులు, బురఖాల్లో నవ్వుకుంటున్న ఆడపిల్లలు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అరటిపండుది ఉందేమో అడగమన్నారు. అది లేదన్నారు, సపోటా ఉందన్నారు. ఒక్క కప్పే తెచ్చాను.

చెంచా కొసన గోరంత తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కరిగేదాకా ఆగి మింగారు. మొహం బిగిసింది, మళ్ళీ వదులైంది. ఇంకో గోరంత. చుట్టూ మూడుసార్లు జనం మారారు, దుకాణం వాడు కుర్చీల కోసం రెండుసార్లు మావైపు చూశాడు. గంట పట్టింది. అడుగున కరిగిపోయిన నీళ్ళు కూడా కప్పు ఎత్తి తాగారు.

"రుచి తెలుస్తోందా?" అన్నాను.

"లేదు. చల్లగా ఉంది," అన్నారు గాలితో.

ఆ ఖాళీ కప్పు ఆయన చేతిలో ఉండగా ఫొటో తీసి పంపాను. ఆయన నవ్వలేదు, నవ్వమని నేనూ అనలేదు. వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి. గుమ్మడికాయ అనో, బండపిల్ల అనో ఏదో వస్తుందని చూస్తున్నాను.

"మొత్తం నాన్నే తిన్నాడా?"

నాకు అర్థం కాలేదు. అవును, ఎందుకలా అడిగావని రాశాను. అది రాస్తున్నట్టు చాలాసేపు చూపించి, ఆగిపోయి, మళ్ళీ రాసింది.

"ఇన్ని రోజుల్లో నాన్న ముందున్న ప్లేటు ఖాళీ అవడం ఇదే అమ్మా. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. చాయి హోటల్ ఫొటోలో నీ ఒళ్ళో ఆసుపత్రి కవరు కనపడింది, పెద్దది చేసి చదివాను. పెద్దమ్మకి చెప్పలేదు. మీరు చెప్పినప్పుడే తెలిసినట్టు ఉందామనుకున్నా. కరెంటు ఇంకా ఎన్ని రోజులు?"

చాయి హోటలుకి వెళ్ళింది జనవరి రెండో వారంలో. అంటే నెల పైనే. ఆ గుమ్మడికాయలూ, హీరోలూ, మీ పని చెప్తాలూ అన్నీ తెలిసి రాసినవే. పదిహేడేళ్ళ పిల్ల, పుస్తకం ముందేసుకుని, అర్ధరాత్రిదాకా మా ఫొటో కోసం కూర్చుని, మమ్మల్ని నవ్వించి పడుకోబెట్టింది. నాకు దానిమీద కోపమొచ్చింది, మామీద అంతకంటే కోపమొచ్చింది. ఫోను ఆయన చేతికిచ్చాను.

ఆయన చదివారు. మఫ్లరు వదులు చేసుకుని, గొంతు సవరించుకోబోయి, నొప్పికి ఆగి, మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నారు. ఆ నెలన్నరలో మేం మాట పంపలేదు, ఫొటోలే పంపాం.

"మనూ," అన్నారు. రెండు వారాలు దాటాక ఆ గొంతులోంచి శబ్దం రావడం అదే. మార్కెట్ గేటు దాకా కాదు, పక్క కుర్చీ దాకా కూడా వెళ్ళే గొంతు కాదు. నేను వంగితే గానీ వినపడలేదు. "అయిపోయాయమ్మా అన్నీ. నేనే తిన్నాను. నువ్వు పరీక్ష రాయి."

వేలు తీశారు. మెసేజి వెళ్ళింది. దుకాణం వాడు బల్లమీద కప్పు తీసుకెళ్ళాడు. టిక్కులు నీలమయ్యాయి. అది మళ్ళీ మళ్ళీ వింటున్నట్టుంది, జవాబు రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. అది కూడా మాటే పంపింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు, నేను నా తల ఆయన తలకి ఆనించాను.

"వినపడింది నాన్నా."